తలుపు చప్పుడు

"ఈ మధ్య నిద్దర హాయిగా పడతందే నూకా," అన్నాడు తాతాజీ, అరుగు మీద కూర్చుని టీ ఊదుకుంటూ. "నీ గడియారం ఎక్కడికెల్లిపోయిందేంటి?"

అతని భార్య నూకరత్నం చేటలోకి మునగాకు దూస్తోంది. కాడని వేళ్ళ మధ్య బిగించి ఒక్క లాగు లాగితే ఆకంతా జలజలా రాలిపడుతుంది. ఆ లాగు సగంలో ఆగిపోయింది.

"గడియారం ఆగితే మనిషుంటాదేంట్రా, తిక్క సన్నాసీ," అంది తాతాజీ తల్లి పాపాయమ్మ గుమ్మంలోంచి. "ఒంటికి రక్తం పట్టింది. రక్తం పడితే గుండె నెమ్మదిగా కొట్టుకుంటాది. అదంతా నా మునగాకు చలవ."

తల్లీ కొడుకూ నవ్వారు. నూకరత్నం కూడా నవ్వింది, నోరు మూసుకునే. ఆమె నవ్వు కొన్నేళ్ళుగా అంతే. పెదాలు విడవవు.

ఆ రోజు శ్రావణ శుక్రవారం. ఉప్పాడలో తాతాజీకి వాటా ఉన్న బోటు మీదికి కొత్త వల ఎక్కించే రోజు. గంగమ్మకి పూజ చేసి, బోటు ముక్కుకి పసుపు రాసి, ఇంటి ఇల్లాలు హారతిస్తే గానీ కొత్త వల నీళ్ళు ముట్టదు. పూజయ్యాక బోటు మీద పనిచేసే కళాసీలందరికీ భోజనాలు. నూకరత్నం చీకటితోనే లేచి పులిహోరకి అన్నం వార్చింది, పప్పు ఉడకేసింది, వాకిలి కడిగి ముగ్గు పెట్టింది. ఇప్పుడు పప్పులోకి మునగాకు దూస్తోంది. అన్నిట్లోకీ చివర మిగిలిన పని అది.

గడియారమని వాళ్ళంటున్నది ఆమె గుండెలో ఉన్న తలుపుని. చిన్నప్పుడు ఆమెకి గొంతునొప్పీ, జ్వరమూ, కీళ్ళ వాపులూ వచ్చి తగ్గాయి. తగ్గాయనే అందరూ అనుకున్నారు. ఆ జ్వరం పోతూపోతూ గుండెలో ఒక తలుపుని కొరికేసి పోయిందని, ఇప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంటున్న కూతురు రమ్యశ్రీ పుట్టాక ఆయాసం మొదలయ్యేదాకా ఎవరికీ తెలియలేదు. కాకినాడలో పెద్దాసుపత్రి వాళ్ళు రొమ్ముటెముక కోసి, పాడైన తలుపు తీసేసి, కొత్తది పెట్టి కుట్టేశారు. గాజులా నున్నగా, ఇనుములా గట్టిగా ఉండే తలుపు అది. రక్తం వెళ్ళేటప్పుడు తెరుచుకుంటుంది, వెనక్కి రాబోతే మూసుకుంటుంది. మూసుకున్నప్పుడల్లా టిక్కుమంటుంది.

ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ తాతాజీ ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. ఆ మాట అతని వైపు నుంచి చెప్పాలి. భార్యని చెయ్యెత్తి కొట్టిన మనిషి కాదు. కానీ ఇంటికి తీసుకొచ్చిన కొద్దిరోజులకే, పక్కమీద అటు తిరిగి పడుకుని, "బాంబు పక్కనెట్టుకుని పడుకున్నట్టుందే," అన్నాడు. నవ్వులాటకే అన్నాడు. మర్నాడు పాపాయమ్మ నవ్వకుండా చెప్పింది. "చీకటితో సముద్రం మీదికెల్లే వోడికి నిద్దరుండాలి కదే. అక్కడ కునికాడంటే ఏమవుద్దో నీకు తెల్దా? మీ మావయ్య ఎలా పోయాడో తెల్దా? నువ్వా వంటింట్లో పడుకుంటే పోలేదా?" పాపాయమ్మ పరాయి మనిషి కాదు, నూకరత్నం తండ్రికి సొంత చెల్లెలు. మేనత్త మాట కాదనడం ఆ ఇంట్లో లేదు. నూకరత్నం చాప వంటింట్లోకి, గ్యాస్ బండ పక్కకి వెళ్ళింది.

వీధిలో ఆడవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు. "నూకరత్నం కంటే ముందు దాని టైమొత్తాది," అనేవాళ్ళు. చేపల గంప దించుకుని ఎవరింటి ముందైనా కూర్చుంటే పిల్లలు దగ్గరికొచ్చి చెవులు రిక్కించేవాళ్ళు. ఒక సంగతి ఆమే కనిపెట్టింది. నోరు తెరిస్తే ఆ చప్పుడు పెద్దదవుతుంది. గిన్నె మూత తీస్తే లోపల ఉడికే చప్పుడు బయటికొచ్చినట్టు వస్తుంది. నోరు మూస్తే అణుగుతుంది. అది తెలిశాక మాట తగ్గించేసింది. నాలుగు మాటల పని రెండు మాటలతో, రెండు మాటల పని తల ఊపుతో కానిచ్చేది. ఎవరైనా ఏదైనా అంటే బదులు చెప్పబోయి, నోరు తెరవడం గుర్తొచ్చి, మింగేసేది. ఆపరేషన్ అయ్యాక కోడలు బుద్ధిమంతురాలైందని పాపాయమ్మ వీధిలో చెప్పుకుంది. ఆ మాట విన్నరోజు నూకరత్నం దొడ్లోకెళ్ళి ఒక్కతే నిలబడి, నోరు బాగా తెరిచి, తన చప్పుడు తనే వింది. టిక్కు, టిక్కు. దానికి సిగ్గూ లేదు, భయమూ లేదు.

చప్పుడొక్కటే అయితే ఇల్లు సర్దుకుపోయేదేమో. దాంతోపాటు బిళ్ళ వచ్చింది. రోజూ సాయంత్రం వేసుకునే చిన్న తెల్లబిళ్ళ. రక్తం గడ్డకట్టకుండా ఉండడానికి. బతికున్నంతకాలం.

ఆ బిళ్ళ సంగతి ఆమెకి అర్థమయ్యేలా చెప్పింది ఆసుపత్రిలో నర్సు దేవకుమారి. నూకరత్నం వేళ్ళ మీద నూలు కోసిన గీతలు చూసి, "వలలు అల్లడం వచ్చా అమ్మా?" అని అడిగింది. వచ్చంది. "అయితే నీకు నా కంటే బాగా తెలుస్తుంది. ఒంటికి గాయమైనప్పుడు ముందు రక్తంలో నలుసుల్లాంటివి కొన్ని పరిగెత్తుకొచ్చి ఆ చోట అతుక్కుంటాయి. తర్వాత రక్తమే దారాలు పుట్టించి వల అల్లుకుంటుంది. ఎర్రకణాలు ఆ వలలో చేపల్లా చిక్కుకుంటాయి. అదే గడ్డ. అది మంచిదే. అది లేకపోతే రొయ్య ముల్లు గుచ్చుకున్నా రక్తం ఆగదు. కానీ నీ గుండెలో తలుపు బయట వస్తువు. రక్తం దాన్ని చూసి గాయమనుకుంటుంది. దాని మీద కూడా వల విసురుతుంది. ఆ వల తలుపు బందుకి చుట్టుకుంటే తలుపు ఆడదు. ముక్క తెగి కొట్టుకుపోతే నేరుగా మెదడుకెళ్తుంది. ఈ బిళ్ళ ఏం చేస్తుందంటే, వల అల్లడానికి నూలు చాలకుండా చేస్తుంది. ఆ నూలు తయారయ్యేది కాలేయంలో, తయారవడానికి కావలసింది ఆకుకూరల్లో ఉండే ఒక విటమిన్. అందుకని ఆకుకూర బొత్తిగా మానక్కర్లేదు, ఎప్పుడూ తినేంతే తిను. ఒక్కసారిగా పెంచేశావంటే బిళ్ళ ఓడిపోతుంది. నెలకోసారి వచ్చి రక్తం చూపించుకో. రక్తం ఎంత పల్చగా ఉందో చెప్పే నెంబరు రెండున్నర నుంచి మూడున్నర మధ్యలో ఉండాలి." అన్నీ చెప్పి, లేచి వెళ్ళబోతూ ఆగి, ఇంకొక మాట చెప్పింది. ఆ మాట నూకరత్నం తర్వాత చాలాకాలం తలుచుకోలేదు.

బిళ్ళ తన పని తాను చేసింది. కత్తిపీట మీద చేప కోస్తూ వేలు తెగితే కొనుగోలుకొచ్చిన వాళ్ళు చూస్తూ నిలబడలేక పక్క గంప దగ్గరికి పోయేవాళ్ళు. గుడ్డ చుట్టి, గట్టిగా నొక్కి, చెయ్యి పైకెత్తి కూర్చునేది. ఒంటి మీద ఎక్కడ ఏది తగిలినా నల్లటి మచ్చ. గంప అంచు తగిలిన చోట, గుమ్మం తగిలిన చోట, బిందె పెట్టుకున్న నడుము మీద. ఆ మచ్చలు చూసి ఎవరో తాతాజీని పక్కకి పిలిచి బుద్ధి చెప్పారు. ఆ పూట అతను అన్నం తినలేదు. "నేను చెయ్యెయ్యకుండానే ఊళ్ళో నాకు చెడ్డపేరొచ్చింది. చేతుల నిండా జాకెట్టు తొడుక్కోలేవా?" అన్నాడు. వేసవిలో కూడా పొడుగు చేతుల జాకెట్లు తొడుక్కుంది.

నెలసరి సంగతి చెప్పుకోవడానికి కూడా వీలుకానిది. మిగతావాళ్ళకి మూడునాలుగు రోజుల్లో ఆగేది ఆమెకి పది రోజులదాకా పోయేది. మామూలుగా కాదు. గుడ్డలు ఉతుకుతుంటే బకెట్లో నీళ్ళు చూసి కళ్ళు తిరిగేవి. ఆ పది రోజులూ వల ముట్టకూడదు, బోటు వైపు వెళ్ళకూడదు, వేటకెళ్ళే మనిషికి ఎదురు రాకూడదు. వంట చేయొచ్చు. గిన్నెలు తోమొచ్చు. చేపలు అమ్మి రావచ్చు. అవి లేకపోతే ఇల్లు గడవదు కాబట్టి వాటికి అంటు లేదు. వేట సరిగ్గా పడని రోజున పాపాయమ్మ గొంతు తగ్గించి, అయినా వినపడేలా అనేది. "ఇంట్లో ఇలా ఏరై పారతంటే గంగమ్మ తల్లి ఎలా చూత్తాదమ్మా."

పోయినేడాది వల పూజకి సరిగ్గా అదే అడ్డమొచ్చింది. పాపాయమ్మ హారతి ఇవ్వడానికి వీల్లేదు, మొగుడు పోయిన మనిషి. బోటులో రెండో వాటాదారు భార్య పావని హారతిచ్చింది. కొత్త పట్టుచీర కట్టుకుని, కళాసీలందరి ముందూ, తాతాజీ నుదుటన కూడా బొట్టు పెట్టింది. ఏడాది పొడుగునా పాపాయమ్మ ఆ సంగతి మర్చిపోలేదు. "నా కొడుకు బోటుకి పరాయి చెయ్యి తగిలింది," అనేది. అన్నప్పుడల్లా కోడలి వైపు చూసేది కాదు. చూడకపోవడమే చూపు.

ఈ ఏడాది ఆషాఢం రాగానే పాపాయమ్మ దొడ్లో మునగచెట్టుకి కొమ్మలు విరవడం మొదలుపెట్టింది. ఆషాఢంలో మునగాకు తినడం ఆ ఇళ్ళల్లో అందరికీ ఉన్నదే, ఒకటి రెండుసార్లు వండుకుంటారు. పాపాయమ్మ రోజూ వండింది. తెలగపిండి వేసి ఒకరోజు, రొయ్యపొట్టు వేసి ఒకరోజు, పప్పులో ఒకరోజు, వేయించి కారప్పొడి కొట్టి ఒకరోజు. వండి ఊరుకోలేదు. కోడల్ని పీట మీద కూర్చోబెట్టి, కంచంలో అన్నం పెట్టి, మధ్యలో గుంట చేసి, కూర తనే వడ్డించింది.

"తినవే. ఉన్న రక్తమంతా పోగొట్టుకుని తెల్లగా పాలిపోయావు. మీ నాన్న పైనుంచి చూత్తే నన్నేమంటాడు?"

నూకరత్నం మొదటిరోజు చెప్పింది. "ఆకుకూర ఎక్కువ తినొద్దన్నారత్తా. బిళ్ళకి పడదంట."

"ఆకు తింటే జబ్బు చేసిన మనిషిని నేనెక్కడా చూళ్ళేదే. డాక్టర్లకేం తెలుసు మునగాకు సంగతి. మాయమ్మ తిన్నాది, నేను తిన్నాను, నువ్వు కడుపులో ఉన్నప్పుడు మీయమ్మ తిన్నాది."

వాళ్ళెవరి గుండెలోనూ ఇలాంటి తలుపు లేదు. ఆ మాట అనాలంటే నోరు తెరవాలి. పైగా ఇంకొకటి ఉంది, అది నూకరత్నం ఎవరికీ చెప్పేది కాదు. ఆ ఇంటికి కోడలై వచ్చాక ఆమె కూర్చుని తిన్న అన్నం తక్కువ. అందరూ తిన్నాక పొయ్యి పక్కన, గిన్నె అడుగున ఉన్నది కలుపుకుని, నిలబడో గొంతుక్కూర్చునో తినడమే అలవాటు. ఇప్పుడు ఒక మనిషి తన ముందు కూర్చుని, తన కంచం వైపు చూస్తూ, ఇంకొంచెం వేసుకోవే అంటోంది. తల్లి పోయాక అలా అన్నవాళ్ళు లేరు. ఆ చేతిని తోసెయ్యడానికి చెయ్యి రాలేదు. తింది. రోజూ తింది.

ఆ నెల నెలసరి మామూలుగా వచ్చి మామూలుగా ఆగింది. పాపాయమ్మ పొంగిపోయింది. చేతుల మీద మచ్చలు పచ్చబడి, పసుపురంగుకి తిరిగి, పోయాయి. కొత్తవి రాలేదు. వేలు తెగితే చిటికెలో ఆగింది. చూసి ఆమే ఆశ్చర్యపోయింది, మామూలు మనుషుల రక్తం ఇలాగే ఆగుతుంది కాబోలనుకుంది. పొట్టిచేతుల జాకెట్లు బయటికి తీసింది. రక్తపరీక్షకి వెళ్ళాల్సిన రోజొచ్చింది. తాతాజీ, "బాగానే ఉన్నావు కదే. ఇప్పుడెందుకు? వచ్చే నెల చూద్దాం, వల పనుంది," అన్నాడు. ఆ వచ్చే నెల కూడా వల పనే ఉంది. ఆషాఢం అయిపోయింది గానీ పాపాయమ్మ ఆకు ఆపలేదు. నీడన ఎండబెట్టి, పొడి కొట్టి, సీసాలో పోసి, మజ్జిగలో కలిపి ఇచ్చింది. ఒకరోజు తాతాజీ తనంతట తానే, "వంటింట్లో ఎందుకే, లోపలికి రా," అని చాప తీసుకెళ్ళి గదిలో వేశాడు. అన్నేళ్ళ తర్వాత నూకరత్నం మొగుడి పక్కన పడుకుంది. అతను ఇటు తిరిగి పడుకున్నాడు.

ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఆ ఇంటికి ఏ కోడలు కావాలో ఆ కోడలు వచ్చేసింది. రక్తం కనపడదు. మచ్చలు కనపడవు. చప్పుడు లేదు.

ఆయాసం మాత్రం మళ్ళీ వచ్చింది. ఒడ్డుని సముద్రం కోసేస్తుంటే అడ్డంగా వేసిన బండరాళ్ళ మీదుగా చేపల గంప ఎత్తుకుని రోడ్డెక్కుతుంటే మధ్యలో రెండుసార్లు ఆగాల్సివచ్చింది. వయసు మీద పడుతోందనుకుంది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక, గోడకి చేరగిలబడి కునికేది. తాతాజీకి మెలకువ రాలేదు. మొన్న ఒకామె వంజరం చేప ధర అడిగితే నూకరత్నం చెప్పలేకపోయింది. ధర తెలుసు. నాలుక మీద ఉంది. నాలుక కదల్లేదు. ఎడమచేతిలో ఉన్న చేప జారి గంపలో పడింది, ఆ చెయ్యి తనది కానట్టుగా ఒళ్ళో పడి ఉంది. ఊపిరి పీల్చుకునేంతలో అంతా సర్దుకుంది. "ఏమైందమ్మా?" అంటే, "తిమ్మిరెక్కిందండీ," అని ధర చెప్పింది. ఇంట్లో చెప్పలేదు. చెబితే ఇల్లు మళ్ళీ పాతది అయిపోతుందని భయమేసింది.

ఇదంతా మునగాకు దూసే చేతిలో కాడ సగంలో ఆగినంతసేపట్లో ఆమెకి గుర్తొచ్చింది. గుర్తు రావడం కాదు, తెలిసినదే, తెలియనట్టు పక్కకి పెట్టుకున్నది. చేట కిందపెట్టి దొడ్లోకెళ్ళింది. స్నానాలగది తలుపు వేసుకుంది. బయట తాతాజీ ఫోన్లో కళాసీలతో మాట్లాడుతున్నాడు. నోరు తెరిచింది. పూర్తిగా, దవడలు నొప్పి పుట్టేలా తెరిచింది. ఊపిరి బిగబట్టింది.

టిక్కు లేదు. గుండె కొట్టుకుంటోంది, అది చేతికి తెలుస్తోంది. కానీ తలుపు మూసుకునే ఆ గట్టి చప్పుడు లేదు. దాని చోట మెత్తగా, తడిగుడ్డ చుట్టి కొట్టినట్టు ఏదో ఉంది. ఒకసారి వినిపించి, ఒకసారి అదీ లేదు.

అప్పుడు దేవకుమారి చివరి మాట చెవిలో పడింది. లేచి వెళ్ళబోతూ వెనక్కి తిరిగి చెప్పిన మాట. "ఆ చప్పుడు నీకూ, ఇంట్లోవాళ్ళకీ విసుగనిపిస్తుంది. కానీ అది వినపడుతున్నంతకాలం తలుపు ఆడుతోందని గుర్తు. ఎప్పుడైనా అది మెత్తబడిందా, ఆ రోజు ఇంట్లో పెళ్ళున్నా, చావున్నా ఆగొద్దు. వచ్చెయ్."

లోపల వల ఎంతవరకు అల్లుకుందో తెలియదు. కొత్త వల అల్లేటప్పుడు ఆమెకి తెలుసు, మొదట్లో చాలా నెమ్మదిగా సాగుతుంది, రోజంతా కూర్చున్నా జానెడు కనపడదు. చివర్లో తొందరగా అయిపోతుంది. తన ఒంట్లో ఆషాఢమంతా ఎవరో కూర్చుని అల్లారు. నూలు తనే అందించింది, ముద్ద ముద్దకీ. అందరూ సంతోషించారు.

ముఖం కడుక్కుని అరుగు దగ్గరికొచ్చింది.

"బావా, నేను కాకినాడ ఎల్లాలి."

"ఎప్పుడు?"

"ఇప్పుడు."

తాతాజీ ఫోను చెవి దగ్గర్నుంచి తీశాడు. "ఇయ్యాలేం రోజో తెలుసా నీకు?"

"తెలుసు. చప్పుడు మారింది. మారితే రమ్మన్నారు."

"మారడమేంటే, తగ్గింది. ఇన్నాళ్ళూ మోగతందని ఏడ్చాం. ఇప్పుడు మోగట్లేదని ఏడుద్దామంటావా?"

"ఆకు తినొద్దన్నారు. తిన్నాను. ఆకు వల్లే..."

పాపాయమ్మ గుమ్మం దిగి వచ్చింది. ఆమె ముఖం ఒక్కసారిగా చిన్నదైపోయింది. "అంటే నేను నీకు విషం పెట్టాననా? సొంత అన్న కూతురికి కూర్చోబెట్టి విషం పెట్టానా? తాతాజీ, ఇన్నావా దాని మాట?"

"అలా అన్లేదత్తా."

"మరేమన్నట్టు?"

నూకరత్నానికి ఊపిరి చాల్లేదు. అరుగు అంచు పట్టుకుంది. తాతాజీ గొంతు తగ్గించాడు. అతను చెడ్డగా మాట్లాడలేదు. చెడ్డగా మాట్లాడితే తేలికయ్యేది. "నూకా, ఇటు చూడు. పోయినేడాది పావని ఇచ్చింది. ఈయేడు కూడా నువ్వు లేపోతే నలుగుర్లో అమ్మ తల ఎత్తుకోలేదు. ఒక్క గంట ఓర్చుకో. హారతిచ్చెయ్. కళాసీలకి అన్నాలు పెట్టెయ్. గిన్నెలు అమ్మ చూసుకుంటాది. సాయంత్రం బండి మీద నేనే తీసుకెల్తాను, సరేనా?"

గంటతో మొదలైన అతని మాట పూర్తయ్యేసరికి సాయంత్రానికి చేరింది. ఆమె బతుకులో గంటలన్నీ అంతే. ఎవరో ఒక గంట అడుగుతారు, అందులోంచి వంట పుట్టుకొస్తుంది, వడ్డన పుట్టుకొస్తుంది, ఎంగిళ్ళెత్తడం పుట్టుకొస్తుంది, చూస్తే దీపాలు పెట్టే వేళ. ఈసారి దానికంటే ముందే చీకటి పడేలా ఉంది.

ఆమె తల ఊపింది. అలవాటుగా ఊగిన తల అది. వాళ్ళిద్దరూ ఊపిరి పీల్చుకున్నారు.

కొత్త చీర కట్టుకుంది. పాపాయమ్మే దగ్గరుండి పాదాలకి పసుపు రాసింది. చీలమండ దగ్గర వేలితో నొక్కినచోట గుంటపడి, గుంట అలాగే ఉండిపోయింది. "ఒళ్ళు చేశావే," అని మురిసిపోయింది. హారతి పళ్ళెంలో కర్పూరం, పువ్వులు, కుంకుమ సర్ది చేతికిచ్చింది. బీరువా దగ్గరికెళ్ళొస్తానని నూకరత్నం గదిలోకి వెళ్ళి, ఆసుపత్రి కార్డూ, వాడుతున్న బిళ్ళల అట్టా, ఫోనూ తీసి నడుము దగ్గర చీరలో దోపుకుంది. అప్పటికి కూడా ఏం చేయబోతోందో తనకి పూర్తిగా తెలియదు.

బోటు ఒడ్డున నీళ్ళకి కాస్త పైన ఉంది. ముక్కుకి పసుపు, వేపమండలు. కొత్త వల నీలంగా, కుప్పగా, ఇంకా చేప వాసన తెలియకుండా ఉంది. కళాసీలు చొక్కాలు తొడుక్కుని వరసగా నిలబడ్డారు. పావని కూడా వచ్చింది. గాలి విసురుగా ఉంది. వెనక సముద్రంలోంచి మట్టిరంగు అలలు వచ్చి కొడుతున్నాయి.

"ఏం నూకరత్నం, ఈయేడు దిట్టంగా ఉన్నావు," అంది పావని. "మచ్చలన్నీ పోయినియ్యే."

"అత్తగారు బాగా చూసుకుంటందిలే," అన్నాడు ఎవరో ముసలి కళాసీ. "ఇదివరకు ఈ పాటికి టిక్కుటిక్కుమని ఇనపడేది."

అందరూ నవ్వారు. పాపాయమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది. ఆమె జనానికి వెనగ్గా, కాస్త ఎడంగా, ముండమోసిన మనిషి నిలబడాల్సిన చోట నిలబడి ఉంది. తాతాజీ అగ్గిపుల్ల గీసి, చేతులు అడ్డం పెట్టి కర్పూరం వెలిగించాడు.

"ఇయ్యి," అన్నాడు.

నూకరత్నం పళ్ళెం ఎత్తింది. కుడిచెయ్యి లేచింది. ఎడమచెయ్యి లేవలేదు. వేళ్ళు పళ్ళెం అంచు మీదే ఉన్నాయి, కానీ పట్టు లేదు, ఎవరివో వేళ్ళు తెచ్చి పెట్టినట్టున్నాయి. పళ్ళెం ఒరిగింది. మంట ఒక పక్కకి వాలింది. పావని చటుక్కున చెయ్యి చాపింది. జనం గుసగుసలాడారు.

నూకరత్నం పళ్ళెం పావనికి ఇవ్వలేదు. కుడిచేత్తో దాన్ని పొట్టకి ఆనించుకుని, వెనక్కి తిరిగి, జనం మధ్యలోంచి నడిచి, పాపాయమ్మ ముందు ఆగింది.

"అత్తా, పట్టుకో."

"నేనా? నేనెలా ఇత్తానే, పిచ్చిదానా?" పాపాయమ్మ చేతులు వెనక్కి లాక్కుంది.

"ఈ వల అంచుకి సీసం పూసలు కట్టింది నువ్వు. పాతదానికి కన్నాలు పూడ్చింది నువ్వు. నన్ను ముట్టొద్దన్న రోజుల్లో కూడా నీ చేతులే వలని ముట్టుకున్నాయి. ఇయ్యి."

మాట కాస్త ముద్దగా వచ్చింది. అయినా అంత పొడుగు మాట ఆమె నోట్లోంచి అందరూ వినేలా రావడం అదే మొదలు. నోరు తెరిచే మాట్లాడింది. చప్పుడు దాచుకోవాల్సిన పని లేదు. దాచుకోవడానికి చప్పుడు లేదు. పాపాయమ్మ ఆ తెరుచుకున్న నోటి వైపే చూసింది. ఏం విందో, ఏం వినలేదో, ఆమె ముఖంలో నవ్వు నెమ్మదిగా దిగిపోయింది. కర్పూరం ఆరిపోతుందని భయమో, కాలుతుందని భయమో, రెండు చేతులూ చాపి పళ్ళెం పట్టుకుంది.

నూకరత్నం రోడ్డు వైపు నడిచింది. వెనక ఎవరో పిలిచారు. బండరాళ్ళు ఎక్కేటప్పుడు ఆగింది, చేతులు ఆనించి, మళ్ళీ ఎక్కింది. బీచ్ రోడ్డు మీద కాకినాడ ఆటో ఒకటి వస్తోంది. కుడిచెయ్యి ఎత్తింది. ముందే కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు జరిగి చోటిచ్చారు. "కొత్తచీర కట్టుకుని ఎక్కడికమ్మా?" అని అడిగింది ఒకామె. నూకరత్నం ఎడమచేతిని కుడిచేత్తో ఎత్తి ఒళ్ళో పెట్టుకుని, "పెద్దాసుపత్రికండీ, కొంచెం తొందరగా," అంది.

ఆటో సముద్రం పక్కనే పోతోంది. కోసుకుపోయిన చోట రోడ్డు సగమే ఉంది. ఆమె నోరు తెరిచి వినబోయింది. ఇంజను మోతలో ఏమీ తెలియలేదు. ఉందో లేదో అక్కడికెళ్ళేదాకా తెలియదు.

ఫోను మోగింది. తాతాజీ.

"ఎక్కడున్నావే? హారతిచ్చే మనిషి అలా లేచి ఎల్లిపోతాదా? జనం ఏమంటన్నారో తెలుసా? అమ్మ పళ్ళెం పట్టుకుని ఏడుత్తంది. ఎక్కడికెల్తన్నావో చెప్పు ముందు."

ఆమె ఊపిరి కూడదీసుకుంది. ఒక్కొక్క మాటా నాలుక మీద నిలబెట్టి, సరిగ్గా పలికింది.

"నీకు మళ్ళీ నిద్దర పట్టకుండా చేయించుకోడానికి ఎల్తన్నాను బావా."